మా నీలం, తమ్ముడి ఎరుపు: వెంబ్లీ ప్రయాణం, 2019

మార్చి 29, శుక్రవారం

మా పక్కింటి పెద్దాయన టికెట్‌ని నా చేతికివ్వలేదు. తనే నా చొక్కా జేబులో పెట్టి, పైనుంచి రెండుసార్లు తట్టి, "పోగొట్టావంటే మళ్లీ దొరకదు, ముష్" అన్నారు. పోర్ట్స్‌మత్‌లో దగ్గరివాణ్ని 'ముష్' అంటారు. అప్పటికి నేనా ఊరొచ్చి ఏడాదిన్నర. ఆ పిలుపు దక్కింది మాత్రం మా ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టేడియం ఫ్రాటన్ పార్క్‌లో ఆయన పక్కన నిలబడి వానలో తడవడం మొదలుపెట్టాకే.

ఆదివారం లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో చెక్‌ఎట్రేడ్ ట్రోఫీ ఫైనల్. పోర్ట్స్‌మత్‌కీ సండర్లాండ్‌కీ. ఇది ఇంగ్లండ్‌లో మూడో, నాలుగో డివిజన్ల క్లబ్బులు ఆడుకునే కప్పు. 2016 నుంచి పెద్ద క్లబ్బుల కుర్రాళ్ల జట్లనూ ఇందులోకి తెచ్చారు. చిన్న ఊళ్ల అభిమానులకు అది కడుపు మండే విషయం. మా కప్పుని వాళ్ల పిల్లలకు ప్రాక్టీసు గ్రౌండ్ చేశారని చాలామంది మొదటి రౌండ్లకు పోవడమే మానేశారు. పెద్దాయన కూడా మానేశారు. ఆర్సెనల్ కుర్రాళ్లతో మ్యాచ్ ఇంటికి పది నిమిషాల దూరంలో జరుగుతుంటే కనీసం రేడియో కూడా పెట్టలేదు. ఫిబ్రవరిలో బరీ ఊరెళ్లి సెమీఫైనల్ 3-0తో గెలిచాక పదేళ్ల మనవరాలు వచ్చి, "తాతా, నేనెప్పుడూ వెంబ్లీ చూడలేదు" అంది. మా జట్టు అక్కడ చివరిసారి ఆడింది 2010లో, ఆ పిల్ల నడక నేర్చుకుంటున్న రోజుల్లో. పెద్దాయన మూడు రోజులు ఆలోచించి నాలుగు టికెట్లు కొన్నారు. ఆయనకీ, కూతురికీ, మనవరాలికీ, నాకూ.

సాయంత్రం వాళ్ల వంటింట్లో టీ తాగాం. ఆ వంటింటి గురించి చెప్పాలి. సింకు పైన గూటి తలుపు ఒకటి బందు ఊడిపోయి, తెల్ల పురికొసతో కట్టి ఉంటుంది. తీసేటప్పుడు ముడి విప్పాలి, వేసేటప్పుడు మళ్లీ కట్టాలి. ఆ పక్కనే గోడకి, ఫ్రేము కట్టించిన షేర్ సర్టిఫికెట్. ఈ రెంటికీ సంబంధముంది. 2008లో దేశంలోని పెద్ద కప్పు, ఎఫ్‌ఏ కప్పు గెలిచిన క్లబ్బు రెండేళ్లు తిరిగేసరికి అప్పుల్లో మునిగింది. దానికి శిక్షగా లీగ్‌లో ఒకసారి 9 పాయింట్లు, ఇంకోసారి 10, మరోసారి 10 కోశారు. 2013లో నాలుగో డివిజన్‌కి జారిపోయింది. ఇక మూతపడుతుందనగా ఊళ్లోవాళ్లే తలా 1000 పౌండ్లు వేసుకుని క్లబ్బుని కొనేశారు. పెద్దాయన భార్య కొత్త వంటింటి కోసం కూడబెట్టిన డబ్బులోంచి వెయ్యి తీసి, "తలుపులకేం తొందర, ముందు క్లబ్బు బతకాలి" అన్నారట. ఆమె ఇప్పుడు లేరు. ఆ తలుపు బాగు చేయిస్తానని కూతురు ఎన్నిసార్లన్నా ఆయన ఒప్పుకోరు.

2017లో నాలుగో డివిజన్ గెలిచి పైకొచ్చాక, క్లబ్బుని మైకేల్ ఐస్నర్‌కి అమ్మారు. ఒకప్పుడు డిస్నీ నడిపిన ఆయనే. పెద్దాయన అమ్మొద్దని ఓటేశారు. ఎక్కువమంది సరేనన్నారు.

నాకూ ఆయనకూ స్నేహం కుదిర్చింది ఫుట్‌బాల్ కాదు, ఒక ఓడ. ఆయన నౌకాశ్రయంలో ఫిట్టరుగా పనిచేశారు. 1982 ఏప్రిల్ 5న ఫాక్‌లాండ్స్ యుద్ధానికి హెర్మీస్ ఈ ఊరి నుంచే బయల్దేరింది. దాన్ని సిద్ధం చేసినవాళ్లలో తనూ ఉన్నానని ఒకరోజు చెప్పారు. ఆ హెర్మీసే తర్వాత మన విరాట్. 2016 ఫ్లీట్ రివ్యూలో మా విశాఖ ఆర్కే బీచ్ నుంచి నా కళ్లతో చూశానని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రంగు ఎలా ఉంది?" అని అడిగారు.

"కప్పు సంగతి సరే, పైకి పోతామా?" అన్నాన్నేను, టీ గ్లాసు కడుగుతూ. మొదటి రెండు జట్లు నేరుగా రెండో డివిజన్‌కి పోతాయి. మూడు నుంచి ఆరో స్థానం దాకా ఉన్నవి ప్లేఆఫ్ ఆడాలి, వాటిలో ఒకటే పోతుంది. లూటన్, బార్న్స్‌లీ ముందున్నాయి. వాటి వెనకే మేమూ, సండర్లాండూ. పెద్దాయన ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చూపించారు. మిగిలిన లీగ్ మ్యాచ్‌లన్నీ వరసగా రాసి, ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో వస్తాయనుకున్న పాయింట్లు వేశారు. ఏప్రిల్ 27, సండర్లాండ్‌లో. ఆ పక్కన మాత్రం ఖాళీ.

మార్చి 30, శనివారం

ఫ్రాటన్ స్టేషన్‌లో రైలెక్కాను. మిగతా ముగ్గురూ ఆదివారం పొద్దున్నే అభిమానుల బస్సులో వస్తారు. నేనొకరోజు ముందు బయల్దేరింది మా తమ్ముడి కోసం.

తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. సండర్లాండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. నది ఒడ్డున కాలేజీ, అదే ఒడ్డున కాస్త పైన సండర్లాండ్ జట్టు స్టేడియం, స్టేడియం ఆఫ్ లైట్. ఇద్దరం మల్కాపురంలో ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే బ్యాటుతో ఆడాం, ఒకే క్రికెట్ జట్టు ఓడితే కలిసి అన్నం మానేశాం. దేశం కాని దేశమొచ్చి ఇలా ఎదురు జట్లవాళ్లమయ్యాం.

వాడు తెల్లారకముందే బస్సెక్కి మధ్యాహ్నానికి లండన్ విక్టోరియాలో దిగాడు. మెడలో ఎరుపూ తెలుపూ చారల మఫ్లరు. "ఏటన్నయ్యా, నీ రంగు దాచేశావేటి?" అన్నాడు. చలికి కోటు పైదాకా పెట్టుకున్నాను, లోపల నీలం చొక్కా. దాచలేదురా అని కోటు విప్పి చూపించాను.

సాయంత్రం ట్రఫాల్గర్ స్క్వేర్‌కి తీసుకెళ్లాడు. జీవితంలో అంత ఎరుపు ఒక్కచోట చూడలేదు. ఫౌంటెన్ల చుట్టూ, సింహాల వీపుల మీద, మెట్ల మీద ఎటు చూసినా సండర్లాండే. ఉత్తరాన మూడొందల మైళ్ల దూరం నుంచి ఒక ఊరంతా లేచొచ్చినట్టు. వరసగా రెండేళ్లలో రెండు డివిజన్లు జారిపోయిన క్లబ్బు అది. 2017లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2018లో దాని కిందిదాన్నుంచి. ఇంత జారాక ఎవరొస్తారనుకుంటాం. ఓడలు కట్టే యార్డులు మూతపడి, బొగ్గు గని మూతపడి, ఆ గని ఉన్న చోటే స్టేడియం కట్టుకున్న జనం వాళ్లు. వస్తారు.

పెద్దాయనకి ఫోన్ చేసి ఆ హోరు వినిపించాను. "పైన స్తంభం మీద ఎవరున్నారో చూడు. మావాడే!" అన్నారు. నిజమే. ఆ విగ్రహం నౌకాదళ సేనాని నెల్సన్‌ది. ఆయన ఓడ విక్టరీ ఇప్పటికీ మా ఊళ్లోనే ఉంది. ట్రఫాల్గర్ యుద్ధానికి ఆయన మా బీచ్ నుంచే వెళ్లాడు. తమ్ముడికి చెబితే తలెత్తి చూసి, "ఈ రాత్రికి మా వాళ్లని చూడనీ అన్నయ్యా, రేపెలాగూ ఏడుస్తాడు" అన్నాడు.

రాత్రి ఈస్ట్ హామ్‌లో మా విశాఖ కుర్రాళ్ల గదిలో పడుకున్నాం. ముందు హై స్ట్రీట్ నార్త్‌లో దోసెలు తిన్నాం. హోటల్లో పనిచేసే తమిళాయన మా ఇద్దరి రంగులూ చూసి, రెండు చట్నీ గిన్నెల్నీ టేబుల్‌కి చెరో చివరన పెట్టాడు. కొబ్బరిది వాడి వైపు, అల్లంది నా వైపు.

మార్చి 31, ఆదివారం

ఆ తెల్లవారుజామున ఇంగ్లండ్‌లో గడియారాలు గంట ముందుకు జరిపారు. గదిలో గోడ గడియారానికి ఆ సంగతి తెలియదు, మేం నమ్మింది దాన్నే. లేచి, తీరిగ్గా ఉప్మా తిని, ఫోన్ చూసేసరికి గంట ఆలస్యం. వెస్ట్ హామ్‌లో రైలు మారి జూబిలీ లైన్ పట్టుకున్నాం. వెంబ్లీ పార్క్ స్టేషన్ మెట్లు దిగుతుండగా దూరంగా ఆ పెద్ద కమాను కనిపించింది. దాని కిందిదాకా పరచుకున్న దారి సగం నీలం, సగం ఎరుపు.

పెద్దాయన వాళ్లు చెప్పినచోటే నిలబడి ఉన్నారు. ఆ రోజు ఇక్కడివాళ్లకి మదర్స్ డే కూడా. మనవరాలు తల్లికి కొన్న పసుపు డాఫడిల్స్ గుత్తి నీలం మఫ్లరుతో చుట్టి ఉంది. తమ్ముణ్ని పరిచయం చేశాను. వాడు మన అలవాటు ప్రకారం వంగి దండం పెట్టబోయి, ఆగి, చెయ్యి చాపాడు. పెద్దాయన ఆ చేతిని వదలకుండానే 1973 ఎఫ్‌ఏ కప్పు ఫైనల్ మొదలుపెట్టారు. రెండో డివిజన్‌లో ఉన్న సండర్లాండ్ ఆ రోజు లీడ్స్‌ని 1-0తో కొట్టింది. గోల్‌కీపర్ జిమ్ మాంట్‌గమరీ వరసగా రెండు షాట్లు ఆపిన వైనం, ఒకటి ఇటు పడి, లేస్తూనే రెండోది అటు, ఆయన నడిరోడ్డు మీద నడుం వంచి ఆడి చూపించారు. "టీవీలో చూశాను. ఆ రోజు మేమంతా మీ వైపే" అన్నారు. తమ్ముడికి అప్పటిదాకా ఆ సంగతి అంత వివరంగా ఎవరూ చెప్పలేదట.

గేటు దగ్గర విడిపోయాం. వాడు ఎర్ర వైపు, మేం నీలం వైపు.

లోపలికెళ్లి మెట్లు దాటి ఆ పచ్చ గడ్డి మొదటిసారి కనిపించినప్పుడు మనవరాలు తాత చెయ్యి వదిలేసి రెయిలింగ్ పట్టుకుంది. వెనక ఎవరో గొంతెత్తారు, "ప్లే అప్ పాంపీ". పాంపీ అంటే పోర్ట్స్‌మత్ ముద్దుపేరు. ఊళ్లో గిల్డ్‌హాల్ గడియారం గంటల రాగంలో పాడే పాట అది. వెంటనే నలభై వేల గొంతులు "పాంపీ, ప్లే అప్" అని అందుకున్నాయి. అది ఛాతీలో మోగుతుంది. ఫ్రాటన్ పార్క్‌లో ఎన్నోసార్లు విన్నా, ఇంత పెద్ద గిన్నెలో వినడం అదే మొదలు.

మ్యాచ్ మొదటి సగం మాది కాదు. 38వ నిమిషంలో ఎయిడెన్ మెక్‌గీడీ ఫ్రీ కిక్‌తో గోల్. ఎదురుగా ఎరుపంతా లేచి నిలబడింది. అందులో ఎక్కడో తమ్ముడున్నాడని వెతికాను, చీమల పుట్టలో చీమని వెతికినట్టు. విరామం తర్వాత మావాళ్లు కాస్త కాస్తగా ముందుకి జరిగారు. 82వ నిమిషంలో నేథన్ థాంప్సన్ తలతో కొట్టాడు. 1-1. పెద్దాయన కళ్లజోడు ఎగిరి ముందు వరసలో పడింది. ఎవరో ముక్కూమొహం తెలియనాయన దాన్ని తన చొక్కాతో తుడిచి మరీ ఇచ్చాడు.

ఎక్స్‌ట్రా టైమ్. కాళ్లు లాగుతున్నాయి, కూర్చునేవాళ్లు లేరు. 114వ నిమిషం. జమాల్ లో అనే మావాడు ఒంటరిగా బంతి వెనక పరిగెడుతున్నాడు, గోల్‌కీపర్ ముందుకొచ్చాడు. బలంగా కొడతాడనుకున్నాం. కొట్టలేదు. బంతి కింద కాలు పెట్టి పైకి లేపాడు, అంతే. అది గోల్‌కీపర్ తల మీదుగా లేచి గాల్లో ఉన్నంతసేపూ మా వైపు ఒక్క గొంతు లేదు. కిందపడి వల తగిలాక ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. నేను పెద్దాయన కూతుర్ని కావలించుకున్నాను, ఆమె వెనకాయన్ని కావలించుకుంది, డాఫడిల్స్ అందరి మీదా రాలాయి.

119వ నిమిషంలో మళ్లీ మెక్‌గీడీ. 2-2. గెలుపు నోటిదాకా వచ్చి జారిపోయింది.

పెనాల్టీలు. మనవరాలు తాత కోటులో తల దూర్చేసింది. సండర్లాండ్ తరఫున లీ కాటర్‌మోల్ కొట్టినదాన్ని మా క్రెయిగ్ మెక్‌గిలివ్రే పక్కకి దూకి ఆపాడు. మావాళ్లెవరూ తప్పలేదు. చివరిది ఆలివర్ హాకిన్స్. ఆ పొడుగాయన నడుచుకుంటూ వెళ్తుంటే పెద్దాయన మైదానం వైపు చూడకుండా నా వైపు చూశారు. "నువ్వు చెప్పు" అన్నారు. గోల్ పడింది. 5-4. నేను చెప్పే పని లేకపోయింది.

ఆ రోజు వెంబ్లీకి వచ్చినవాళ్లు 85,021 మంది అని బోర్డు మీద వేశారు. ఈ కప్పు చరిత్రలో అంతమంది ఎప్పుడూ రాలేదు. 1988లో వుల్వ్స్, బర్న్‌లీ ఆడినప్పుడు 80,841 మంది వచ్చారు, అదీ దాటింది. ఇది పనికిరాని కప్పు, చిన్న కప్పు అని పెద్ద క్లబ్బులవాళ్లు నవ్వడం నేను ఆఫీసులోనే విన్నాను. వాళ్లకి ఆ ఆదివారం చూపించాలని ఇప్పటికీ ఉంటుంది. కప్పు వెండిని తూచి చెప్పే బరువు కాదది. ఊళ్లకి ఊళ్లు ఇంట్లో దీపాలార్పి వచ్చాయి.

బయట తమ్ముడు కనిపించాడు. మఫ్లరు చేతిలో ఉండలా చుట్టేసి ఉంది. మొహం చూస్తే చిన్నప్పుడు గాలిపటం తెగిన రోజు గుర్తొచ్చింది. ఏమనాలో నాకు తెలియలేదు. పెద్దాయనే ముందుకెళ్లి మళ్లీ చెయ్యి పట్టుకున్నారు. "లీగ్‌లో మీరు మాకంటే ముందున్నారు. పైకి మీరు పోతారు చూడు" అన్నారు. వాడు, "మీరూ రండి సార్, ఇద్దరం పోదాం" అన్నాడు. ఇలా చెయ్యి పట్టుకుని మాట్లాడుకునే జంటలు ఆ దారంతా కనిపించాయి.

వాడి బస్సు రాత్రికి. నాకు మా బస్సులో ఖాళీ సీటు దొరికింది. కార్ల గుంపులోంచి బయటపడడానికే గంటన్నర పట్టింది. ఏ3 రోడ్డెక్కాక పాటలు తగ్గి వాదనలు మొదలయ్యాయి. ముందు సీటాయన, "అదనంగా ముప్పై నిమిషాలు పరిగెత్తించారు. ఈ అలసటతో ప్రమోషన్ పోతుంది" అన్నాడు. వెనకావిడ ఊరుకోలేదు. "2015లో బ్రిస్టల్ సిటీ ఈ కప్పూ గెలిచింది, మా మూడో డివిజన్ లీగ్ వన్నూ గెలిచింది. 2016లో బార్న్స్‌లీ కప్పు గెలిచి ప్లేఆఫ్‌లోనూ గెలిచింది. గెలవడం అలవాటవుతుందయ్యా!" అంది. "మరి 2017లో కవెంట్రీ? కప్పు గెలిచి అదే ఏడాది కిందికి జారలేదా?" అని మూలనుంచి ఎవరో. కాసేపు నిశ్శబ్దం. మేనేజర్ కెన్నీ జాకెట్ మరీ జాగ్రత్తగా ఆడిస్తాడా, లేదా ఆ జాగ్రత్తే మమ్మల్ని ఇంతదాకా తెచ్చిందా అని హైండ్‌హెడ్ సొరంగం వచ్చేదాకా తేలలేదు. నాకు మాత్రం వెనకావిడ మాటే నచ్చింది. గెలుపు రుచి చూసినవాడి కాలు వేరుగా పడుతుంది.

పెద్దాయన దేనిలోనూ కలగజేసుకోలేదు. మనవరాలు ఆయన ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. ఒక పువ్వు రేకు ఆమె జుట్టులో ఇరుక్కుని ఉంది. ఇంటిదాకా ఆయన దాన్ని తియ్యలేదు.

ఏప్రిల్ 1, సోమవారం

ఆఫీసుకెళ్లేదారిలో కిటికీలకు నీలం జెండాలు. సాయంత్రం పెద్దాయన వంటింట్లో కాగితం ముందు నిలబడి ఉన్నారు. పక్కన మనవరాలు చెక్కిన కొత్త పెన్సిలు.

1939లో పోర్ట్స్‌మత్ ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. యుద్ధం వచ్చి పోటీలాగిపోవడంతో ఆ కప్పు ఏడేళ్లు మా ఊళ్లోనే ఉండిపోయింది. వాళ్ల నాన్న చెప్పిన ఆ కథ ఆయన ఆ రోజు నాకు చెప్పారు. ఈ కప్పూ అలాగే ఉండిపోతుందని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు. కరోనా వల్ల తర్వాతి ఫైనల్ 2021 మార్చి 13 దాకా జరగలేదు. సెమీఫైనల్లో మేం ఓడించిన బరీ అదే సీజన్లో నాలుగో డివిజన్ నుంచి పైకొచ్చింది. ఆగస్టులో అప్పుల మూలంగా లీగ్ నుంచే తీసేశారు. ఆ వార్త వచ్చిన రోజు పెద్దాయన టీ తాగకుండా ఫ్రేములోని సర్టిఫికెట్ తుడుస్తూ కూర్చున్నారు.

"ఏప్రిల్ 27 దగ్గర ఖాళీ వదిలేశాను. నువ్వు వెయ్యి" అని పెన్సిలు నాకిచ్చారు. తమ్ముడి మొహం గుర్తొచ్చింది. అయినా గెలుపుకొచ్చే 3 వేశాను.

వచ్చింది ఒకటి. 1-1. మూడు రోజుల తర్వాత సొంత గడ్డ మీద పీటర్‌బరో చేతిలో 2-3తో ఓడి, నేరుగా పైకెళ్లే దారి మూసుకుపోయింది. 88 పాయింట్లతో నాలుగో స్థానం, 85తో సండర్లాండ్ ఐదో స్థానం. ప్లేఆఫ్ సెమీఫైనల్లో మళ్లీ మేమూ, వాళ్లూ. ఒక సీజన్లో ఐదుసార్లు. మాకు పైడివిజన్ అందింది ఐదేళ్ల తర్వాత, 2024 ఏప్రిల్ 16 రాత్రి బార్న్స్‌లీ మీద. ఆ రాత్రి గురించి విడిగా రాస్తాను. ఇక్కడ ఇంకొక్క రోజు మిగిలింది.

మే 16, గురువారం

ఫ్రాటన్ పార్క్, సెమీఫైనల్ రెండో మ్యాచ్. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. మొదటిది వాళ్ల ఊళ్లో క్రిస్ మాగ్వైర్ గోల్‌తో 0-1 ఓడి వచ్చాం. ఒక్కటంటే ఒక్క గోల్ పడితే లెక్క సమం. తొంభై నిమిషాలు అరిచాం. రాలేదు. 0-0.

స్టాండ్ ఖాళీ అవుతున్నా పెద్దాయన లేవలేదు. మనవరాలు ఆయన జేబులో చెయ్యి పెట్టి నిలబడింది. లైట్లు ఒక్కోటీ ఆర్పుతున్నారు. అప్పుడు నా ఫోన్ మోగింది. తమ్ముడు. వెనక హోరు ఉంటుందనుకున్నాను. లేదు, గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చేస్తున్నట్టుంది.

"పోన్లే అన్నయ్యా" అనలేదు, "గెలిచాం" అనలేదు. "పెద్దాయన అక్కడే ఉన్నారా? ఒకసారి ఇస్తావా?" అన్నాడు.

ఫోన్ ఆయనకిచ్చి, మనవరాలిని తీసుకుని నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడ్డాను.